జావా పళ్ళెం

మా అత్తకు ఒక సవతి ఉండేది. ఆమెను ఎవరూ చూడలేదు, పేరు ఎవరికీ తెలియదు, ఎప్పుడు ఎట్లా పోయిందో కూడా తెలియదు. అయినా ఏటా షబేబరాత్‌కు మా ఇంట్లో ఆమె పేరు మీద ఒక రొట్టె కాలేది. కాలేది అనడం మర్యాద కోసం. మాడేది.

నేను కడప పిల్లను. దర్గాకు రెండు వీధుల అవతల పుట్టి పెరిగాను. అంత పెద్ద ఊరి నుంచి బేతంచెర్లకు కోడలిగా రావడం అప్పట్లో నాకు మెట్టు దిగినట్టే అనిపించింది. ఎక్కడ చూసినా నాపరాయి దుమ్ము. పాలిష్ ఫ్యాక్టరీల నుంచి తెల్లటి నీళ్ళు కాలువల్లో మజ్జిగలాగా పారేవి. ఇంట్లో నేల నాపరాయి, అరలు నాపరాయి, గడప నాపరాయి, బట్టలుతికే బండ నాపరాయి. మొగుడు కూడా ఆ బాపతేనేమో అని భయపడ్డాను గానీ, ఆయన మెత్తటి మనిషే. ఇంట్లో గట్టిదల్లా మా అత్త.

మేము దూదేకులోళ్ళం, ఇంట్లో తెలుగే మాట్లాడతాం. షబేబరాత్ పండగకు ఇంట్లో పోయినవాళ్ళందరికీ తలా ఒక పళ్ళెం పెట్టి ఫాతెహా ఇవ్వడం మాకు ఉంది. పళ్ళెంలో రెండు గోధుమ రొట్టెలు, పక్కన రవ్వ హల్వా. సాయంత్రం ఊదు వేస్తే హజరత్ వచ్చి ఒక్కొక్కరి పేరు చెప్పి చదువుతాడు. తర్వాత ఆ పళ్ళేలు ఇరుగుపొరుగుకూ, లేనివాళ్ళకూ పంచుతాం. కొత్త కోడలిని కదా, మంచి పేరు కొట్టేద్దామని పొద్దున్నే అత్త పక్కన కూర్చొని పోయినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే అడిగి వేళ్ళ మీద లెక్కబెట్టుకున్నాను. మామ వాళ్ళ అమ్మానాన్నలు, ఇద్దరు అన్నలు, అత్త వైపు ముగ్గురు. ఏడుగురు. ఏడు పళ్ళేలు తుడిచి వరసగా పేర్చాను.

మామ సాయంత్రం అసర్ నమాజు చదివి వచ్చి పళ్ళేల ముందు నిలబడ్డాడు.

"ఒకటి తక్కువుండాది మ్మా," అన్నాడు.

"ఏడుగురే కదా మామా. అత్త చెప్పింది."

"ఇంగొకటి పెట్టు."

"ఎవురికి మామా?"

వంటింట్లో అట్లకాడ బండ మీద పడిన చప్పుడు వినిపించింది. కాసేపటికి అత్త ఇంకో పళ్ళెం తెచ్చి, వరస చివర, మిగతావాటికి జానెడు ఎడంగా పెట్టింది. అందులో ఒకటే రొట్టె, అదీ సగం బొగ్గు. హల్వా లేదు. హజరత్ ఆ పళ్ళెం దగ్గరికి వచ్చి ఎవరి పేరు అన్నట్టు చూస్తే మామ "జావాలో పోయిన ఒకరికి" అన్నాడు. హజరత్ అలవాటైనవాడిలాగే చదివాడు. అందరి పళ్ళేలూ పంచాక మామ ఆ ఎనిమిదో పళ్ళెం తీసుకొని, గోడవారగా కూర్చొని, మాడిన రొట్టెను చివరి ముక్క దాకా తిన్నాడు.

"చూసినావా," అని అత్త నా చెవిలో గొణిగింది. "నా రొట్టెలో రవ్వంత ఉప్పు తగ్గితే తెలుస్తాది ఆయప్పకు. ఆమె పేరు మీద బొగ్గు పెట్టినా దిగిపోతాది."

సవతి కథ నాకు ఆ రోజే తెలిసింది. మామ పెండ్లికి ముందు తెల్లవాళ్ళ పటాలంలో పనిచేశాడు. పెద్ద యుద్ధం అయిపోయాక జావాలో ఏడాది ఉన్నాడు. అత్త దగ్గర రుజువులు రెండు ఉన్నాయి. ఒకటి, మామకు అన్నం బాగా కుదిరితే నోట్లోంచి "నాసి" అనే మాట వచ్చేది. జావాలో అన్నాన్ని అట్లా అంటారని ఆయనే చెప్పాడు. వండిపెట్టిన చెయ్యి లేకుండా ఆ మాట ఎట్లా వస్తుందని అత్త వాదన. రెండోది, రేకు పెట్టె అడుగున మడతపెట్టి ఉన్న గోధుమరంగు పూల గుడ్డ. పెండ్లయిన కొత్తలో అది తనకేమో అనుకొని బయటికి తీసిందట. మామ ఏమీ అనకుండా ఆమె చేతిలోంచి తీసుకొని మళ్ళీ పెట్టెలో పెట్టాడట. ఆ ఏడాదే షబేబరాత్‌కు ఒక పళ్ళెం ఎక్కువైంది. అంతే, అత్త లెక్క తేలిపోయింది.

"అడగొచ్చు కదా అత్తా?" అన్నాను.

"అడిగితే చెప్తాడు కదే. చెప్తే నేనేం జేసేది?"

అప్పటినుంచి ఏటా అదే వరస. పిండి నేను కలిపేదాన్ని, రొట్టెలన్నీ నేనే కాల్చేదాన్ని. ఎనిమిదోది మాత్రం అత్త నన్ను పెనం దగ్గరినుంచి లేపి తానే కాల్చేది. ఒకసారి నేను చాటుగా మంచి రొట్టె మార్చి పెట్టబోతే చేతి మీద ఒక్కటిచ్చింది. కాపురం మాత్రం వాళ్ళిద్దరిదీ బాగానే సాగేది. ఆయనకు జ్వరమొస్తే ఆమె ముద్ద ముట్టేది కాదు. ఏడాదిలో మూడొందల అరవై నాలుగు రోజులు ఆయన మొగుడే. ఆ ఒక్క సాయంత్రం మాత్రం ఇంకెవరి మొగుడో.

మామ రాయి మనిషి. గనిలో పుట్టి పెరిగినట్టే లెక్క. నాపరాయిని చిన్న సుత్తెతో తట్టి, పలికే తీరును బట్టి లోపల పగులుందో లేదో చెప్పేవాడు. ఖంగుమంటే మంచి రాయి, డబ్బుమంటే పక్కన పెట్టు. పండుముసలి అయ్యాక కూడా ఫ్యాక్టరీలవాళ్ళు ఆయన్ను పిలుచుకుపోయి తట్టించుకునేవాళ్ళు. కొత్త ఇంటికి భోజనానికి పిలిస్తే చేతికర్రతో నేల తట్టుకుంటూ నడిచి, ఆ ఇంటివాళ్ళ గుండెలు దడదడలాడించేవాడు. ఆ చెవి గురించి ఎందుకు చెబుతున్నానంటే, అసలు సంగతంతా దాంట్లోనే ఉంది.

నేను కోడలిగా వచ్చి పద్దెనిమిదేళ్ళయ్యాక ఆయనకు కర్నూలులో కంటి ఆపరేషన్ అయింది. ఒక కంటికి కట్టు, రెండో కంటికి ఎటూ చూపు ఆనదు. మా ఆయన ఫ్యాక్టరీ పని వదిలి రాలేక నన్ను తోడుంచాడు. మధ్యాహ్నం వార్డులో అందరూ కునుకు తీస్తున్నారు. నేను బత్తాయి వలిచి తొనలు ఆయన చేతిలో పెడుతున్నాను.

"నిన్నొక మాట అడగాల మ్మా," అన్నాడు. "కడపలో పెద్ద పెద్ద హజరత్‌ల మాటలు విని పెరిగినదానివి. కిరస్తానం వాళ్ళకు ఫాతెహా ఇస్తే ముడుతాదా?"

"రొట్టె కదా మామా. ఎవురికైనా ముడుతాది," అన్నాను. అంతటితో ఆగితే నేను నేనెందుకవుతాను. "ఆమె కిరస్తానీ ఆమెనా?"

ఆయన కట్టు ఉన్న ముఖం నా వైపు తిప్పాడు. "ఆమె ఎవురు?" అన్నాడు. తర్వాత చిన్నగా నవ్వాడు. "మీ అత్త చెప్పిందా."

అంటే ఈయనకు తెలుసు. ఇన్నేళ్ళూ తెలుసు.

"ఆడమనిషి కాదు మ్మా. పిల్లోడు. డచ్చి పిల్లోడు."

ఆయన చెప్పిందాన్ని నాకు అర్థమైనట్టు చెప్తాను. యుద్ధం అయిపోయింది, ఇక ఇంటికి పోవచ్చనుకుంటుంటే మామ పటాలాన్ని ఓడెక్కించి జావాకు పంపారు. గనిలో రాయి పేల్చే మందు పెట్టడం వచ్చినవాడు గనక ఆయన్ను రోడ్లు, వంతెనల పనిలో వేశారు. అక్కడ జపాను వాళ్ళ చెరలో ఉన్నవాళ్ళను విడిపించాలని మొదట చెప్పారు. తీరా చూస్తే జావా వాళ్ళు స్వతంత్రం కావాలని తుపాకులు పట్టుకొని ఉన్నారు. వాళ్ళ మీద కాల్చి, ఆ దేశాన్ని మళ్ళీ ముందు ఏలుకున్న డచ్చివాళ్ళ చేతిలో పెట్టేదాకా వీళ్ళకు సెలవు లేదు.

"ఈడ మనోళ్ళు తెల్లోళ్ళను పొమ్మంటాండిరి. ఆడ మేము తెల్లోళ్ళను తెచ్చి కూచోబెడతాంటిమి. పొద్దున్నే మసీదులోంచి అజా వినపడేది మ్మా, మనూర్లో మాదిరే. ఆ నమాజుకు పోయేటోళ్ళ మీదికే తుపాకి పెట్టుకొని ఉంటిమి."

మనకు స్వతంత్రం వచ్చే ముందటి ఏడాది చివర్లో వీళ్ళ పటాలం వెళ్ళిపోయే సమయానికి ఆ రోడ్లు అప్పగించుకోవడానికి డచ్చి సైనికులు దిగారు. ఇష్టపడి వచ్చినవాళ్ళు కాదు. వయసొచ్చిందని ఇంటికి కాగితం పంపి, రాకపోతే జైలని చెప్పి పట్టుకొచ్చిన పిల్లలు. అందులో ఒకణ్ణి మామకు అప్పజెప్పి, ఒక ఆరు మైళ్ళ రోడ్డు మీద మోరీలు ఎట్లా పరీక్ష చేయాలో నేర్పమన్నారు. రోడ్డు కింద నీళ్ళు పోయే ఆ మోరీల్లోనే జావా వాళ్ళు మందుపాతరలు పెట్టేవాళ్ళు. రాయి కదిలించి కింద ఏదైనా దూరిస్తే రాయి పలుకు మారుతుంది. అది మామ చెవికి తెలిసిపోతుంది.

ఆ పిల్లవాడికి ఇరవై ఏళ్ళు. వాళ్ళది పాడి ఇల్లు, ఇంట్లో తల్లి ఉంది. పాలు పిండినట్టు చేతులతో చూపించేవాడట. మామ కాల్చుకున్న రొట్టెలు అడిగి పెట్టించుకొని తినేవాడట.

"జర్మనీ వాళ్ళు వాళ్ళ దేశాన్ని పట్టుకొని ఉన్నప్పుడు తినేదానికి లేక పూలచెట్ల గడ్డలు ఉడకేసుకున్యారంట. నేల మీద పువ్వు గీసి, కింద గడ్డ గీసి, నోట్లో పెట్టుకున్నట్టు చూపించినాడు. కరువులో మేం తిన్న కలబంద గడ్డ నేనూ గీసి చూపిస్తి. ఇద్దరం నవ్వుకుంటిమి. వాడు అప్పుడే చెర ఇడిసి వచ్చినోడు మ్మా. ఇంగొకరిని చెర పట్టేదానికి పంపించిరి."

వారం రోజులు ఇద్దరూ ఆ రోడ్డు మీద తిరిగారు. చివరి రోజు, చివరి మోరీ. మామ సుత్తెతో తట్టాడు. రాయి డబ్బుమంది.

"తలెత్తి చూస్తి. మడిలో నాట్లేస్తాండేటోళ్ళు అందరూ నిలబడిపోయినారు. ఒక ముసలాయన, మా నాయన మాదిరే గడ్డం, మోకాళ్ళ దాకా బురదలో నిలబడి నన్నే చూస్తాండాడు. చెయ్యెత్తి మొక్కలేదు, ఏమీ లేదు. ఊరికే చూస్తాండాడు. అంతకు ముందు నెల పక్కూరి దగ్గర పాతర దొరికిందని ఆ ఊరంతా కాలబెడితిమి. మేమే మ్మా. నేనూ ఉంటి. చెప్తే ఈ ఊరు గూడా పోతాది. చెప్పకపోతే ఏమైతాదనేది ఆ గడియలో తోచలేదు. బాగుండాదని తల ఊపినా. వాడు పుస్తకంలో గీత పెట్టుకున్యాడు."

నా చేతిలో బత్తాయి తొన అట్లాగే ఉండిపోయింది.

"వాని ఒక్కనికన్నా చెప్దామనుకుంటి. నాకొచ్చిన ఇంగ్లీషు నాలుగు ముక్కలు, వానికొచ్చినవి వేరే నాలుగు. ఎట్ల చెప్పేది అని ఊరుకుంటి. అది అబద్ధం మ్మా. వద్దని చెయ్యి ఊపేదానికి ఇంగ్లీషు ఏంటికి?"

మూడో రోజు రేవులో ఓడ కోసం కాచుకొని ఉండగా కబురు వచ్చింది. ఆ మోరీ మీద లారీ పేలిందని, ఆ పిల్లవాడు దాంట్లోనే ఉన్నాడని. అప్పటికే మామ వాళ్ళమ్మకు ఒక పూల గుడ్డ కొని సంచిలో పెట్టుకొని ఉన్నాడు. ఇంటికి వచ్చేసరికి వాళ్ళమ్మ లేదు. ఆ రేవులో కొన్న గుడ్డను పెండ్లాం ఒంటి మీద చూడలేక పెట్టె అడుగున వేశాడు. పిల్లవాడి పేరు కూడా నాకు చెప్పాడు. ఇక్కడ రాయను.

"అత్తకు చెప్పు మామా," అన్నాను. "పాపం, ఇన్నేండ్లు..."

"వద్దు." ఆయన నా చెయ్యి వెతికి పట్టుకున్నాడు. "ఆడమనిషి అనుకుంటే కోపమొస్తాది, ఒక రొట్టె మాడ్తాది, పోతాది. ఇది తెలిస్తే నాతో ఎట్ల కూచుంటాది? ఈ చెయ్యి బిడ్డల నెత్తిన పెడితే ఎట్ల ఓర్చుకుంటాది? నాకు ఆ మాడిన రొట్టె సరిపోయింది మ్మా. మాటియ్యి."

ఇచ్చాను. ఆయన ఆ తర్వాత హాయిగా నిద్రపోయాడు. నాకు మాత్రం ఆయన మీద ఒళ్ళు మండింది. తన నెత్తి మీది బండ నా నెత్తి మీద పెట్టి గురక పెడుతున్నాడు. జాలి కూడా వేసింది. రెండూ ఒకేసారి రావడం నాకు అదే మొదలు. లేచి బయట కుళాయి దగ్గర ముఖం కడుక్కొని, కాసేపు ఏడ్చి వచ్చాను.

ఇంటికి వచ్చాక ఏటా నాకు నరకమే. అత్త నన్ను పెనం దగ్గరినుంచి లేపి, "ఇంగ మా దొరసాని రొట్టె," అని వెటకారంగా మంట పెంచేది. నేను పిండి చేతులతో పక్కన నిలబడి గోడ చూసేదాన్ని. ఒక్క మాట అంటే చాలు ఆమె మనసు చల్లబడుతుంది. అదే మాటకు ఆయన ముఖం ఆమె కళ్ళలో మారిపోతుంది. మా ఆయనకు కూడా చెప్పలేదు. మామ నా వైపు ఒకసారి చూసి, పళ్ళెం తీసుకొని, గోడవారకు పోయి కూర్చునేవాడు. ఇట్లా పద్నాలుగేళ్ళు.

మామ తొంభై దాటి, ఒక మధ్యాహ్నం, ఫ్యాక్టరీ నుంచి రాయి తట్టి వచ్చి, మంచినీళ్ళు తాగి పడుకున్నవాడు లేవలేదు.

ఆ తర్వాత వచ్చిన షబేబరాత్‌కు తొమ్మిది పళ్ళేలు తుడిచాను. అత్తకు అప్పటికి ఎనభై ఐదు దాటాయి. చేతులు వణుకుతాయి. గోడ పట్టుకుంటూ వంటింట్లోకి వచ్చి ముక్కాలిపీట మీద కూర్చుంది. ఆమె రొట్టె మాడ్చడానికే వచ్చిందనుకొని నేను లేచి చోటిచ్చాను.

"నువ్వే కాల్చు," అంది. "జావా ఆమెకు గూడా రెండు మంచి రొట్టెలు పెట్టు. హల్వా ఎయ్యి."

నేను ఆమె ముఖంలోకి చూశాను.

"ఏం చూస్తాండావు? ఆయప్ప ఇప్పుడు ఆమె దగ్గరికే పోయింటాడు. ఆడ ఆమె పస్తుంటే ఈయప్పకు ముద్ద దిగుతాదా?"

ఇన్నేళ్ళుగా బిగబట్టుకున్నది ఇక ఆపుకోవడం నావల్ల కాలేదు. మాట ఇచ్చిన మనిషి లేడు, మాట మాత్రం నా గొంతులో ఉంది. పొయ్యి ఆర్పి, ఆమె కాళ్ళ దగ్గర నేల మీద కూర్చొని, బత్తాయి తొన దగ్గరినుంచి లారీ దాకా అంతా చెప్పేశాను. ఆయన తల ఊపిన సంగతి కూడా దాచలేదు. చెబుతున్నంత సేపూ ఆమె పమిట కొంగును వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది. మామను తిడుతుందని ఎదురుచూశాను. నన్ను కొడుతుందనీ అనుకున్నాను.

"ఎన్నేండ్లుండె?" అంది.

"ఇరవై, అత్తా."

"వాళ్ళమ్మ ఉండిందా?"

"ఉండింది. పాడి ఇల్లు వాళ్ళది."

"నాకు చెప్పింటే నేనేమన్నా ఇడిసిపెట్టి పోతుంటినా," అంది. అది నాతో అన్నది కాదు. ఆరిన పొయ్యి వైపు చూసింది. "డెబ్బై ఏండ్లు ఆ పిల్లోనికి మాడిన రొట్టె పెట్టినా కదే."

"నీకు తెలీదు కదా అత్తా."

"నువ్వు చెప్పింటే తెలిసేది."

పద్నాలుగేళ్ళు నేను కూడా అంతా బాగుందని తల ఊపినదాన్నే.

ఆమె లేచి చేతులు కడుక్కొని, పొయ్యి వెలిగించమంది. ఎంత చెప్పినా నన్ను కాల్చనివ్వలేదు. వణికే చేతులతో పిండి ముద్ద తీసి, ఒత్తి, పెనం మీద వేసింది. తిప్పేలోపు ఒక పక్క మాడింది. దాన్ని తీసి తన పక్కన పెట్టుకుంది. ఇంకోటి వేసింది. అదీ మాడింది. హజరత్ వచ్చి ముందు గదిలో కూర్చున్నాడు. మా ఆయన రెండుసార్లు వచ్చి తొంగిచూసి పోయాడు. ఆమె ఎవరినీ పట్టించుకోలేదు. మచ్చ లేని రొట్టెలు రెండు వచ్చేసరికి పక్కన ఐదు మాడినవి పోగయ్యాయి. పళ్ళెంలో ఆ రెండూ పెట్టి, హల్వా మిగతావాటికంటే ఎక్కువ వేసి, తానే మోసుకొచ్చి మామ పళ్ళెం పక్కన, ఎడం లేకుండా పెట్టింది.

హజరత్ ఆ పళ్ళెం దగ్గరికి వచ్చి, ఎవరి పేరు అన్నట్టు చూశాడు. నేను నోరు తెరిచేలోపే అత్త, "మా పిల్లోనికి," అంది.

ఫాతెహా అయ్యాక పళ్ళేలన్నీ పంచి వచ్చి చూస్తే, ఆమె మామ కూర్చునే గోడవారగా కూర్చొని ఉంది. ఒడిలో ఆ ఐదు మాడిన రొట్టెలు. నేను తీసేయబోతే చెయ్యి అడ్డం పెట్టింది. పళ్ళు లేని నోటితో, నీళ్ళలో నానబెట్టుకుంటూ, ఒక్కొక్కటే తిన్నది.